చదివింది చేతికి దొరకాలి

*పరిశోధకుల ఫోన్లలో, లాప్‌టాప్‌లలో ఎక్కడ చూసినా పీడీఎఫ్‌లే. తీరా అవసరమైన రోజున కావలసింది ఒక్కటీ కనిపించదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్ళలో ఉండి థీసిస్ రాసేవాళ్ళకు రిఫరెన్స్ మేనేజర్ సొంత గ్రంథాలయంలా ఎలా పనికొస్తుందో చెప్పే ప్రయత్నం ఇది.*

నిజాంసాగర్‌లో ఎన్ని నీళ్ళు పడతాయి? ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు రైతును అడిగినా, కాలేజీ విద్యార్థిని అడిగినా ఏదో ఒక అంకె చెబుతారు. పుస్తకాలు తిరగేస్తే మాత్రం అంకెలు కలవవు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకు ఒక వ్యాసం 29.7 టీఎంసీల సామర్థ్యం రాస్తుంది. మరో నివేదిక 17.8 అంటుంది. రెండూ తప్పు కావు. మొదటిది కట్టిన నాటి లెక్క, రెండోది ఏళ్ళ తరబడి పూడిక చేరిన తరవాతి లెక్క. ఏ అంకె ఏ కాగితంలో ఉందో, ఆ కాగితం ఏ సంవత్సరానిదో తెలిస్తే ఆ రెండింటి మధ్య తేడాయే ఒక మంచి అధ్యాయమవుతుంది. తెలియకపోతే అదే తేడా వైవా రోజున గొంతుకు అడ్డం పడుతుంది.

'ఇదెక్కడిది?' పరిశోధనలో ఇంతకన్నా చిన్న ప్రశ్న లేదు, ఇంతకన్నా పెద్ద ప్రశ్నా లేదు. గైడ్ సార్ మొదటి డ్రాఫ్టు మీద ఎర్ర పెన్నుతో రాసేది అదే, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగేదీ అదే. చదివానని తెలుసు, ఎక్కడో దాచానని తెలుసు. ఫోన్‌లోనా, మెయిల్‌లోనా, వాట్సాప్‌లో ఎవరో పంపారా, పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయిందా? డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే 'మెయిన్', 'ఫుల్‌టెక్స్ట్', 'డౌన్‌లోడ్ 3', 'స్కాన్ 0017' అనే పేర్లతో ఫైళ్ళు బారులు తీరి ఉంటాయి. లోపల ఏముందో తెరిస్తే తప్ప తెలియదు.

ఈ అవస్థ హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకూ ఉంది. కానీ నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణం చేస్తే గాని కామారెడ్డి రైల్వే స్టేషన్ కనిపించని ఎల్లారెడ్డిలో ఉన్నవాళ్ళకు దాని బరువు ఎక్కువ. పోయిన కాగితం కోసం మళ్ళీ తిరగడానికి వాళ్ళకు ఒక రోజు కూలీయో, ఒక రోజు సెలవో పోతుంది.

కొరత చోటు మారింది

ఇరవై ఏళ్ళ కిందట ఈ ప్రాంతం నుంచి పరిశోధన చేయాలంటే తెల్లవారుజామున బండెక్కి హైదరాబాద్ చేరాల్సి వచ్చేది. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం, 1891లో మొదలై తరవాత అఫ్జల్‌గంజ్‌కు చేరిన అసఫియా, అంటే నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం - ఇవే దిక్కు. జిరాక్స్ కాగితాల కట్ట చంకన పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చేవారు. దొరకడమే కష్టంగా ఉన్న కాలంలో దొరికినదాన్ని పోగొట్టుకునే ప్రమాదం తక్కువ. ఉన్నవే నాలుగు కట్టలు, ప్రతి కట్టా ఎక్కడిదో గుర్తుండేది.

2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. ఒకప్పుడు ఉస్మానియా పీజీ కేంద్రంగా ఉన్న భిక్కనూరు దాని దక్షిణ ప్రాంగణమైంది. యూజీసీ 2009 నిబంధనల తరవాత దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలోకి చేరడం మొదలైంది. ఇప్పుడు అక్కడ లక్షల థీసిస్‌లు ఉచితంగా చదువుకోవచ్చు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు ఆమోదం తెలిపింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, సుమారు 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు. ప్రైవేటు కాలేజీల్లో చదివేవాళ్ళకు ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు, అది తెరవాల్సిన తలుపే. అయినా మొత్తం మీద చూస్తే భిక్కనూరులో కూర్చున్న విద్యార్థికి ఇంత సాహిత్యం ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు.

కాబట్టి ఇవాళ్టి కొరత కాగితానిది కాదు, క్రమానిది. ఈ సంగతి మన కళాశాలల్లో ఇంకా గట్టిగా ఎవరూ చెప్పడం లేదు. సినాప్సిస్ ఎలా రాయాలో చెబుతాం, ప్రశ్నావళి ఎలా తయారు చేయాలో చెబుతాం. చదివినదాన్ని ఎలా సర్దుకోవాలో మాత్రం ఎవరికి వాళ్ళే నేర్చుకుంటారని వదిలేస్తాం. నేర్చుకునేసరికి మూడేళ్ళు గడుస్తాయి. ఉపయుక్త గ్రంథసూచిని చివరి వారంలో డీటీపీ సెంటర్‌లో కూర్చుని టైపు చేయించేటప్పుడు ప్రచురణకర్త పేరు లేదు, ముద్రణ సంవత్సరం లేదు, పేజీ నంబరు లేదు అని వెతుకులాట మొదలవుతుంది.

ఒక కాగితం లోపలికి వచ్చే తీరు

రిఫరెన్స్ మేనేజర్ అనేది కంప్యూటర్‌లో నడిచే ఒక సాఫ్ట్‌వేర్. మనం సేకరించిన ప్రతి వ్యాసానికి, పుస్తకానికి, థీసిస్‌కు, పత్రికా వార్తకు రచయిత, శీర్షిక, సంవత్సరం, ప్రచురణ వివరాలతో ఒక పద్దు తెరుస్తుంది. ఆ ఫైలును ఆ పద్దుకే జత చేస్తుంది. రాసేటప్పుడు వర్డ్‌లోనే బటన్ నొక్కితే వాక్యం పక్కన మూలాన్ని చూపి, చివర గ్రంథసూచిని తనే కడుతుంది.

దగ్గరగా చూద్దాం. నిజాంసాగర్ పూడిక మీద ఒక ఇంగ్లీషు పరిశోధన వ్యాసం దొరికిందనుకోండి. దాని మొదటి పేజీలో డీఓఐ అనే నంబరు ఉంటుంది. 2000 సంవత్సరం నుంచి ప్రచురణకర్తలు క్రాస్‌రెఫ్ అనే సంస్థ ద్వారా వ్యాసాలకు ఈ నంబరు వేయిస్తున్నారు. పొలానికి సర్వే నంబరు ఎలాంటిదో వ్యాసానికి ఇది అలాంటిది: యజమాని మారినా, గట్టు జరిగినా నంబరు పట్టుకుంటే పహాణీలో ఆ పొలం దొరుకుతుంది. జొటేరో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, మంత్రదండం గుర్తున్న బటన్ నొక్కి ఆ నంబరు అతికించి ఎంటర్ కొడితే, నలుగురు రచయితల పేర్లు, పత్రిక పేరు, సంపుటి, సంచిక, పేజీలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఉచితంగా చదవడానికి ప్రతి ఎక్కడైనా ఉంటే దాన్నీ తెచ్చి జత చేస్తుంది. పుస్తకమైతే వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ చాలు.

ఆ పద్దును 'నిజాంసాగర్' అనే సంకలనంలో వేయవచ్చు. అదే పద్దును 'మూడో అధ్యాయం'లోనూ, 'పూడిక'లోనూ వేయవచ్చు. బీరువాలో పుస్తకం ఒక అరలోనే ఉండగలదు. ఇక్కడ ఒకే కాగితం అయిదు చోట్ల కనిపిస్తుంది, ఉండేది మాత్రం ఒక్కటే. దానికి తోడు ట్యాగులు. 'చదవాలి', 'చదివాను', 'అంకెలు ఉన్నాయి', 'అనుమానం' అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. వాటిని యాభై రకాలు పెట్టి మురిసిపోవద్దని మాత్రం నా సలహా. నాలుగైదు ట్యాగులు నిజాయితీగా వాడితే చాలు.

తరవాత చదవడం. పీడీఎఫ్‌ను అందులోనే తెరిచి, పసుపు రంగు వేసుకుంటూ పోతే ఆ గీతలన్నింటినీ పేజీ నంబర్లతో సహా ఒక నోట్‌గా మార్చి ఇస్తుంది. ఆరు నెలల తరవాత ఆ నోట్‌లో '17.8' మీద నొక్కితే నేరుగా ఆ పేజీకే తీసుకెళుతుంది. ఇదెక్కడిది అన్న ప్రశ్నకు అదీ జవాబు. రాతప్రతిలో మూలాలు చూపడానికి ఎంఎల్ఏ పద్ధతి వాడారు, విశ్వవిద్యాలయం ఏపీఏ పద్ధతి అడిగింది అనుకోండి. పద్ధతి పేరు మారిస్తే మూడు వందల పద్దుల గ్రంథసూచి ఆ నిమిషంలోనే కొత్త రూపంలోకి వస్తుంది. చేత్తో అయితే అది పదిహేను రోజుల పని.

మన పేర్లు, మన ఊళ్ళు, మన సంవత్సరాలు

ఇంతవరకు చెప్పింది ఏ దేశపు విద్యార్థికైనా వర్తిస్తుంది. తెలుగు మూలాలతో, అందులోనూ ఈ జిల్లా మూలాలతో పనిచేసేవాళ్ళకు అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ సాఫ్ట్‌వేర్లు మన కోసం పుట్టినవి కావు. మనమే మన అలవాట్లను వాటికి నేర్పాలి.

మొదటిది పేరు. సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు ఒక గడిలో వేయమంటుంది. సురవరం ప్రతాపరెడ్డిని వెబ్‌సైట్ నుంచి దానంతట అదే తెచ్చుకుంటే చాలాసార్లు 'రెడ్డి' ఇంటిపేరు గడిలోకి వెళుతుంది. అప్పుడు మీ గ్రంథసూచిలో రెడ్డి, రావు, శర్మ, గౌడ్ పేర్ల కింద సగం తెలుగు సాహిత్యం గుంపుగా చేరుతుంది. ఎవరు ఎవరో తెలియదు. తెలుగు థీసిస్‌కు సురవరం మొదటి గడిలో, ప్రతాపరెడ్డి రెండో గడిలో వేసుకోవాలి. ఇంగ్లీషులో రాసేటప్పుడు సంగతి వేరు. భద్రిరాజు కృష్ణమూర్తిని తెలుగువాళ్ళం 'భ' కింద వెతుకుతాం. ప్రపంచంలోని భాషాశాస్త్రవేత్తలు ఆయన్ని కృష్ణమూర్తిగానే ఉదహరిస్తారు, 'కె' కిందే వెతుకుతారు. రెండూ చెల్లుతాయి, కానీ ఒకే జాబితాలో రెండూ కలపకూడదు. మొదటి రోజే ఒక నియమం పెట్టుకుని చివరి దాకా దాని మీదే నిలబడాలి. కొత్తగా వ్యాసాలు ప్రచురిస్తున్నవాళ్ళు పరిశోధకులను గుర్తించడానికి 2012 నుంచి అందుబాటులో ఉన్న ఆర్కిడ్ నంబరు తీసుకుంటే, ఇలాంటి 'ఎస్. రెడ్డి'లు వెయ్యి మంది ఉన్నా మీ పని మీ పేరుకే చేరుతుంది.

రెండోది ఊరు. కామారెడ్డి జిల్లా పుట్టింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు ఇదంతా నిజామాబాద్ జిల్లా. ఇంకా వెనక్కి వెళితే ఇందూరు. పాత గెజిటీర్లలో కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట తాలూకాలని కనిపిస్తాయి. 2011 జనగణనలో కామారెడ్డి జిల్లా అనే పట్టికే ఉండదు, నిజామాబాద్ పట్టికలో మండలాలు ఏరుకోవాలి. పైగా రాజన్న సిరిసిల్ల జిల్లాలో మరో ఎల్లారెడ్డిపేట ఉంది! ఎల్లారెడ్డిపేట అని వెతికి దొరికిన కాగితాలన్నీ మన ఎల్లారెడ్డివే అనుకుంటే రెండు ఊళ్ళ చరిత్ర ఒకటైపోతుంది. అందుకే జిల్లా పేరును నమ్ముకోకుండా, ప్రతి పద్దుకూ ఊరి పేరుతో ఒక ట్యాగు, పక్కన నేటి జిల్లా పేరు చేర్చుకోవాలి. పాత పేరు అలాగే శీర్షికలో ఉండనివ్వాలి, దాన్ని సరిదిద్దకూడదు.

మూడోది సంవత్సరం. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో, పాలనా నివేదికల్లో ఫస్లీ సంవత్సరాలు ఉంటాయి. 1340 ఫస్లీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 అక్టోబరు దాకా, అంటే నిజాంసాగర్ పూర్తవుతున్న కాలం. తేదీ గడిలో 1340 అని వేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని కాకతీయుల అనంతర కాలపు పుస్తకంగా భావించి జాబితా పైకి ఎక్కిస్తుంది. తేదీ గడిలో 1930-31 వేసి, 'ఎక్స్‌ట్రా' అనే గడిలో ఫస్లీ సంవత్సరం ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఉర్దూ నివేదిక అయితే శీర్షికను ఉర్దూ లిపిలోనే ఉంచవచ్చు, సాఫ్ట్‌వేర్‌కు అభ్యంతరం లేదు. మద్నూర్, జుక్కల్ వైపు పనిచేసేవాళ్ళకు మరాఠీ, కన్నడ మూలాలూ తగులుతాయి. వాటికీ ఇదే పద్ధతి.

నాలుగోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, జిల్లా ఎడిషన్. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ గురించి, బీడీ కార్మికుల గురించి, కామారెడ్డి బెల్లం మార్కెట్ గురించి, తండాల్లో నీటి ఎద్దడి గురించి వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం మన దినపత్రికల జిల్లా పేజీల్లోనే వస్తాయి. హైదరాబాద్ ఎడిషన్‌లో ఆ వార్త కనిపించదు. పత్రిక పేరు, తేదీ మాత్రమే రాసి, ఎడిషన్ రాయకపోతే తరవాత వెతికేవాళ్ళకు అది దొరకదు, మీరు కల్పించారన్న అనుమానమూ వస్తుంది. జొటేరోలో పత్రికా వార్త అనే రకానికి 'ఎడిషన్' అని ప్రత్యేకంగా ఒక గడి ఉంది. దాన్ని నింపండి. ఈ-పేపర్ లింకు కొన్నాళ్ళకు పనిచేయకపోవచ్చు కాబట్టి ఆ పేజీ బొమ్మను కూడా జత చేయండి. శాఖా గ్రంథాలయంలో పాత పేపరు చూసినా అంతే: ఫోన్‌తో ఫొటో తీసి, ఇంటికి రాగానే పద్దు తెరవాలి. రేపు చేద్దాం అనుకున్న ఫొటో గ్యాలరీలో పెళ్ళి ఫొటోల మధ్య కలిసిపోతుంది.

ఇంకా కొన్ని చిక్కులున్నాయి. యూనికోడ్ రాకముందరి పద్ధతిలో, అను ఫాంట్లలో టైపు చేసిన పాత థీసిస్‌ల నుంచి తెలుగు అక్షరాలు కాపీ చేస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట వస్తుంది. శీర్షికను మళ్ళీ టైపు చేయక తప్పదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పేర్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో విచిత్రమైన రోమన్ రాతలో ఉంటాయి, కొన్నిటికి సంవత్సరం కూడా తప్పు. బటన్ నొక్కి తెచ్చుకున్న వివరాలను పుస్తకం లోపలి పేజీతో సరిచూసుకోవాల్సిందే. ఇంగ్లీషు పద్ధతితో తెలుగు గ్రంథసూచి చేయిస్తే రచయితల పేర్ల మధ్య 'అండ్', 'ఎట్ ఆల్' లాంటి ఇంగ్లీషు మాటలు వచ్చి కూర్చుంటాయి. చివర్లో వాటిని చేత్తో మార్చుకోవాలి. ఆ మాత్రం శ్రమకు సిద్ధపడండి. మిగిలిన తొంభై పాళ్ళ శ్రమ తప్పింది కదా.

ఏది ఎంచుకోవాలి?

చాలా ఉన్నాయి. ఎండ్‌నోట్ 1980ల చివరి నుంచి ఉంది, గట్టిదే, కానీ డబ్బు కట్టి కొనాలి. మెండెలీ 2008లో వచ్చింది, 2013లో ఎల్సెవియర్ అనే ప్రచురణ దిగ్గజం దాన్ని కొనుక్కుంది. గణితం, భౌతికశాస్త్రం వైపు లాటెక్‌లో రాసేవాళ్ళు 1985 నాటి బిబ్‌టెక్‌ను, దాని మీద పనిచేసే జాబ్‌రెఫ్‌ను వాడతారు. జొటేరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్రకారుల కేంద్రంలో పుట్టింది. ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ.

మన ప్రాంతపు విద్యార్థికి నేను నిస్సంకోచంగా జొటేరోనే చెబుతాను. డబ్బు ఒక్కటే కారణం కాదు. అయిదారేళ్ళు కష్టపడి పోగుచేసిన పద్దులు ఒక కంపెనీ గేటు లోపల ఉండిపోకూడదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా మొత్తం గ్రంథాలయాన్ని బయటికి తీసుకుని మరో దానిలోకి మార్చుకోగలమా అన్నది ముందే చూసుకోవాలి. అది కుదరనిచోట ఒక్క పద్దు కూడా పెట్టవద్దు.

చోటు సంగతి. జొటేరో ఆన్‌లైన్‌లో ఫైళ్ళకు ఉచితంగా ఇచ్చేది 300 మెగాబైట్లే. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు నాలుగు పెడితే అది నిండుతుంది. పద్దులకు మాత్రం ఆ పరిమితి లేదు. కాబట్టి పద్దులను ఆన్‌లైన్‌లో, ఫైళ్ళను సొంత కంప్యూటర్‌లో ఉంచుకుని, నెలకోసారి మొత్తం ఫోల్డర్‌ను ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ డిస్క్ అదే ఇంట్లో ఉండకూడదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని ముంచెత్తిన వరదను చూసినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కాలనీల్లోకి నీళ్ళొచ్చిన రాత్రి ఎవరు పుస్తకాలు సర్దుకోగలరు?

దొంగతనం కాని దొంగతనం

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే సమాధానం చెప్పుకోవాలి. అరవై దాటితే నమోదే రద్దవుతుంది. చేతులారా దొంగిలించేవాళ్ళు ఉంటారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. నన్ను కలవరపెట్టేది రెండో రకం. మొదటి సంవత్సరంలో ఎక్కడి నుంచో ఒక పేరా నోట్సులోకి ఎక్కించుకుంటారు, మూలం రాసుకోరు. నాలుగో సంవత్సరంలో ఆ నోట్సు చూసి అది తమ సొంత వాక్యమే అనుకుని థీసిస్‌లోకి దించుతారు. మనసులో ఏ పాపమూ లేదు, నిబంధన దృష్టిలో మాత్రం తప్పే. ప్రతి నోట్ దాని మూలానికి అంటుకునే ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు దీనికి తోడు కృత్రిమ మేధ. చాట్‌బాట్‌ను అడిగితే రచయిత, పత్రిక, సంవత్సరం అన్నీ ఉన్న చక్కటి మూలం చెబుతుంది. వెతికితే అలాంటి వ్యాసమే ఉండదు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థ మీద వేసిన దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మన వైవాలో జరిమానా ఉండదు, డిగ్రీయే పోతుంది. డీఓఐ వేసి జొటేరోలోకి రాని, శోధ్‌గంగలో కనిపించని, మీరు కళ్ళతో తెరిచి చూడని దేన్నీ గ్రంథసూచిలోకి రానివ్వకండి. ఇంకో మేలు కూడా ఉంది. ఒక వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకున్నట్టు రిట్రాక్షన్ వాచ్ జాబితాలో చేరితే, మీ గ్రంథాలయంలో ఆ పద్దు మీద జొటేరో ఎర్ర హెచ్చరిక పెడుతుంది. మీరు చదివినప్పుడు బాగానే ఉండి తరవాత చెల్లకుండా పోయిన వ్యాసాన్ని మీ అంతట మీరు కనిపెట్టడం దాదాపు అసాధ్యం.

జాబితా చేసిన పని

పద్దులు రాసుకోవడం గుమాస్తా పని అనుకునేవాళ్ళు ఒక్కసారి 1934ను తలుచుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన జవాబు ఉపన్యాసం కాదు, ఒక సంచిక. గోలకొండ పత్రిక ద్వారా పిలుపునిచ్చి, ఊరూరి నుంచి రచనలు, వివరాలు తెప్పించి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఎవరు, ఏ ఊరు, ఏం రాశారు అన్న వివరం పక్కన ఉండబట్టే ఆ సంచికను ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. ఆ తరవాత తెలంగాణ సాహిత్య చరిత్ర రాసినవాళ్ళందరూ ఆ తలుపు దగ్గర ఆగినవాళ్ళే.

కామారెడ్డి జిల్లాకు అలాంటి పద్దు ఇంకా లేదు. కౌలాస్ కోట మీద రాసినవి, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకున్న దోమకొండ కోట మీద వచ్చినవి, 1922లో పూర్తయిన పోచారం జలాశయం నివేదికలు, కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కళాశాలలో జరిగిన పరిశోధనలు, గల్ఫ్ వలసల మీద రాసిన థీసిస్‌లు, పల్లెల్లో సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న శతకాలు, స్థలపురాణాలు. అన్నీ ఉన్నాయి, ఎక్కడెక్కడో ఉన్నాయి. కొత్తగా పరిశోధన మొదలుపెట్టే ప్రతి విద్యార్థీ వాటిని మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుంటున్నాడు. ఒకరు నాలుగేళ్ళు పడి సేకరించింది డిగ్రీ వచ్చాక అటక మీదికి చేరుతోంది.

జొటేరోలో గ్రూప్ లైబ్రరీ అనే సదుపాయం ఉంది. ఉచితంగా ఒక గుంపు పెట్టుకుని ఎంతమందైనా కలిసి పద్దులు చేర్చవచ్చు, ప్రపంచమంతా చూసేలా తెరిచి ఉంచవచ్చు. కాపీరైటు ఉన్న పుస్తకాల ఫైళ్ళు అందులో పెట్టకూడదు, పెట్టనక్కర్లేదు కూడా. పద్దు, ఆ పుస్తకం ఏ గ్రంథాలయంలో దొరుకుతుందన్న ఒక్క ముక్క - ఇవి చాలు. భిక్కనూరు ప్రాంగణంలో ఒక విభాగం, కామారెడ్డి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒక విభాగం, జిల్లా గ్రంథాలయ సంస్థ - ఈ మూడూ కలిస్తే ఒక విద్యా సంవత్సరంలో ఇది మొదలవుతుంది. కొత్త పరిశోధకులకు కోర్స్‌వర్క్‌లో రెండు పూటలు కేటాయించి జొటేరో నేర్పితే, వాళ్ళు చేర్చే మొదటి యాభై పద్దులు ఈ జిల్లావే కావచ్చు. కావలసింది ఒక కంప్యూటర్, నెట్ కనెక్షన్, పద్దులు సరిచూసే ఒక బాధ్యతగల మనిషి.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఈ తాలూకాల మీద రాసిన పాత పుస్తకం, థీసిస్, ఊరి చరిత్ర, నిజాం కాలపు నివేదిక ఉంటే ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. మొదటి పేజీ, ముద్రణ వివరాలున్న పేజీ రెండింటినీ ఫొటో తీసి దగ్గరలోని కళాశాల అధ్యాపకులకో, గ్రంథపాలకులకో పంపండి. పుస్తకం మీ దగ్గరే ఉండనివ్వండి. అది ఉందన్న సంగతి మాత్రం పదిమందికీ తెలియాలి.